దుబాసి చిట్టా

ఆనందరంగ పిళ్ళై దినచర్యలో ఏ పుట తెరిచినా ముందు తేదీ కనిపిస్తుంది. అదీ రెండు లెక్కల్లో. 1748 సెప్టెంబరు అని దొరల లెక్క, పక్కనే విభవ సంవత్సరం ఆవణి మాసం అని ఇంటి లెక్క. తర్వాత వారం, చాలాచోట్ల గంట కూడా. సంగతి ఆ తర్వాతే. అక్షయ, ప్రభవ, విభవ అని ఉగాదినాడు మనం వినే పేర్లే యుద్ధవార్తల నెత్తిన కూర్చుని ఉంటే, బందరువాడిగా నాకు ఆ పుస్తకం పరాయిదనిపించలేదు.

రాసింది అరవంలో, పుదుచ్చేరిలో. మద్రాసు పెరంబూరులో 1709లో పుట్టిన ఈ వర్తకుడు 1736లో మొదలుపెట్టి, దాదాపు పాతికేళ్ళు రాశారు. 1746లో కనకరాయ మొదలి పోయాక ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసి పని ఆయన చేతికొచ్చింది. రెండు భాషలవాడు కాబట్టి దుబాసి. పిళ్ళైగారి చుట్టూ మాత్రం భాషలు రెండుతో ఆగలేదు. మన కస్తూరి రంగకవి తెలుగు ఛందశ్శాస్త్రం రాసి ఆయన పేరే పెట్టి అంకితమిచ్చాడు, అదే ‘ఆనందరంగరాట్ఛందము’. పిళ్ళై పోయాక మరుగునపడ్డ దినచర్య 1846లో బయటికొచ్చింది. 1904 నుంచి 1928 దాకా మద్రాసు ప్రభుత్వం దాన్ని ఇంగ్లీషులో 12 సంపుటాలుగా అచ్చువేయించింది.

ఇంతకీ ఆ రాతలో పనితనం ఎక్కడుంది? నా మటుకు అది కొట్లో నేర్చిన పనితనం. ఏ వర్తకుడైనా పొద్దుగూకేలోగా చిట్టా రాస్తాడు. ఎవరు తెచ్చారు, ఎంత తెచ్చారు, రొక్కమా అప్పా అన్నది అందులో తేలాలి. పిళ్ళై వార్తని కూడా అలాగే జమకట్టారు. ఫలానా ఊరినుంచి ఉత్తరం వచ్చింది, ఫలానావాడు చెప్పాడు, జనం ఇలా అనుకుంటున్నారు. ఉత్తరం ఉత్తరంగానే ఉంటుంది, పుకారు పుకారుగానే ఉంటుంది. రెంటినీ ఒకే ఖాతాలో కలపరు. రేవులోకి ఓడ వస్తే ఎన్ని ఫిరంగులు మోగాయో లెక్క రాస్తారు. గవర్నరుతో మాట్లాడితే సారాంశం చెప్పి వదలరు. ఆయన ఇలా అన్నారు, నేనిలా అన్నాను, దానికాయన ఇలా అన్నారు అని మాటకి మాట దించుతారు. రోజంతా ఒకరి మాట ఇంకొకరికి అప్పజెప్పే మనిషికి చెవి ఎంత పదునెక్కుతుందో అక్కడ చూడాలి.

1748లో ఇంగ్లీషు నౌకాదళంతో బోస్కవెన్ వచ్చి పుదుచ్చేరిని ముట్టడించాడు. ఊరంతా ఆ హడావుడిలో ఉండగా, జెసూట్ల చర్చి పక్కనున్న వేదపురీశ్వరుడి గుడిని డూప్లే కూలగొట్టించాడు. ఆనాటి పద్దు నేను మూడుసార్లు చదివాను. సెయింట్ పాల్ చర్చి పెద్ద అయిన కూర్దూ పాదరీ వచ్చి గర్భగుడిని కాలితో తన్నాడు, తలుపులు ఊడదీయించాడు, వాహనాలు పగలగొట్టించాడు అని పిళ్ళై రాస్తారు. ఒక పని వెనుక ఇంకో పని, అంతే. అయ్యో అన్న మాటకి కూడా అక్కడ చోటివ్వలేదు, అందుకే చదివేవాడి గుండె పట్టేస్తుంది. కులపెద్దలు తన దగ్గరికి రావడం, వాళ్ళలో వాళ్ళకే మాట కుదరకపోవడం, గుడి సామానైనా దక్కించుకుందామన్న ఆలోచన కూడా వరసగా రాశారు. సొంతవాళ్ళకి ఐకమత్యం లేదన్నచోట ఆయన బాధ బయటపడుతుంది.

ఈ కూర్దూ తెలుగు నేర్చుకుని నిఘంటువు కూర్చినవాడు. సంస్కృతానికీ లాటిను, గ్రీకు భాషలకీ చుట్టరికం ఉందని 1767లో పారిస్ పండితులకి రాసింది కూడా ఈయనే. భాషాశాస్త్రం పుస్తకాల్లో ఆ పేరు చూసినప్పుడల్లా నాకు ఆ ఊడదీసిన తలుపులు గుర్తొస్తాయి. ఒక మనిషి రెండో ముఖాన్ని ఇన్నాళ్ళూ భద్రపరిచింది ఒక దుబాసి రాత.

పిళ్ళైలో పక్షపాతం లేదని నేననను. తన జాతకబలం, తన తెలివి, తనమీద దొరకున్న దయ గురించి పుటలకి పుటలు రాసుకున్నారు. డూప్లే భార్య అంటే ఆయనకి గిట్టదు; ఏ చెడు జరిగినా చూపు ముందు అటే పోతుంది. కానీ దాపరికం లేదు. తూకంలో మొగ్గు ఎటుందో మనకి కనబడుతూనే ఉంటుంది కాబట్టి ఆ మేరకు తగ్గించి చదువుకోవచ్చు.

యుద్ధకాలంలో రోజువారీ రాత అంటే మా బందరుకి ఇంకో పేరూ ఉంది. 1942 ఆగస్టులో అరెస్టయి అహ్మద్‌నగర్ కోటలో మూడేళ్ళు గడిపిన డాక్టర్ పట్టాభి సీతారామయ్యగారు అక్కడి దినచర్యని ‘ఫెదర్స్ అండ్ స్టోన్స్’ పేరుతో అచ్చువేశారు. ఆయన రాసింది కోట గోడల లోపల. దుబాసి రాసింది నాలుగు దారులూ కలిసేచోట కూర్చుని.

ఆ దారుల్లో ఒకటి బందరుది. 1750లో బందరు ఫ్రెంచివాళ్ళ వశమైంది. తర్వాత ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డ్ నెలరోజులు ముట్టడించి, 1759 ఏప్రిల్ 7 రాత్రి కోట ఎక్కాడు. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. మే 14న హైదరాబాదు నిజాము సలాబత్ జంగు ఇంగ్లీషువాళ్ళతో ఒడంబడిక చేసుకుని బందరు సీమని వాళ్ళకి రాసిచ్చాడు.

పిళ్ళై కొలువు అప్పటికే, 1756లోనే, పోయింది. ఒంట్లో జబ్బు. 1761 జనవరి 12న ఆయన కన్నుమూశారు. నాలుగు రోజులకి, 16న, పుదుచ్చేరి ఇంగ్లీషువాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది. ఆ తర్వాతి పద్దులు తమ్ముడి కొడుకు తిరువేంగడం రాశాడు.