గొలుసుకు ఈవలి కొస

కుక్కకు శిక్షణ అనగానే మనకు తోచునవి కర్ర, గొలుసు, గద్దింపు. మాట వినని కుక్క తెలివితక్కువదనియో, పొగరుబోతుదనియో తీర్పు చెప్పుట పరిపాటి. ఈ తీర్పును తలక్రిందులు చేసిన గ్రంథము ‘ది అదర్ ఎండ్ ఆఫ్ ది లీష్’. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు చెందిన జంతు ప్రవర్తన శాస్త్రజ్ఞురాలు పేట్రీషియా మెక్‌కానెల్ దీనిని 2002లో ప్రకటించినారు. గొలుసుకు ఆవలి కొసను కుక్క యున్నది. ఈవలి కొసను పట్టుకొన్నది మనము. ఈ గ్రంథములో పరీక్షకు నిలిచినది మనిషియే.

రచయిత్రి మూలసూత్రము సులభమైనది. మనిషి వానర గణమునకు చెందిన జీవి. కుక్క తోడేలు కుటుంబములోనిది. మనము ప్రేమ కలిగినపుడు ఎదురుగా వచ్చి, కన్నులలోనికి చూచి, కౌగిలించుకొందుము. మర్యాద తెలిసిన కుక్కలు ప్రక్కగా, వంపుగా నడచి వచ్చి వాసన చూచుకొనును. కనుక కొత్త కుక్కపైకి వంగి మెడ చుట్టు చేతులు వేయు బాలుడు చూపునది వాత్సల్యము. కుక్కకు తోచునది బెదరింపు. అది మొగము త్రిప్పుకొనును, పెదవులు నాకుకొనును, ఒళ్లు బిగబట్టును. ఈ భాష మనకు రాదు గనుక, తరువాత ‘ఊరకయే కరచినది’ అందుము.

ధ్వనిని గూర్చిన భాగము గ్రంథమునకు ప్రాణము. వివిధ భాషలవారు జంతువులను తోలునపుడు పలుకు ధ్వనులను ఆమె పరిశోధించినారు. కదలించుటకు పొట్టివైన ధ్వనులను మరల మరల పలుకుట, నిలుపుటకు ఒక దీర్ఘధ్వనిని వాడుట భాషాభేదము లేకుండ కనిపించినది. కుక్కపిల్లలపై చేసిన పరీక్షలలోను పొట్టి ధ్వనులు వాటిని ఎక్కువగా కదలించినవి. మన బండివారు ‘హై హై’ అని ఎద్దులను తోలి, ‘హో...’ అని నిలుపుట ఇందుకు నిదర్శనము గదా! పరుగెత్తు కుక్కను నిలుపదలచి ‘ఆగు ఆగు ఆగు’ అని అరచువాడు దానిని మరింత ఉరుకుమనుచున్నాడన్నమాట.

కుక్కను వెల్లకిల పడవేసి ‘నేనే నాయకుడను’ అని లొంగదీయు పద్ధతిని ఆమె ఖండించినారు. ఆ పద్ధతికి వెనుకనున్న నాయకత్వ భావన చాలవరకు బంధించిన తోడేళ్లను చూచి 1947లో రుడాల్ఫ్ షెంకెల్ వ్రాసిన దానినుండి పుట్టినది. స్వేచ్ఛగా తిరుగు తోడేళ్ల మంద సాధారణముగా తల్లి, తండ్రి, పిల్లలు గల కుటుంబమేయని డేవిడ్ మీచ్ 1999లో చూపినారు. పునాది కదలిన పిమ్మట కట్టడము నిలుచునా?

ఇక లోపములు. రచయిత్రి తన కుక్కల కథలను, తన సలహాకై వచ్చినవారి కథలను విరివిగా చెప్పినారు. లెక్కించిన పరిశీలనలు అంత లేవు. కథ మనసున నాటును గాని, అదియే రుజువు కాదు. పైగా అవి ఇంటిలో పెరిగిన కుక్కలు. మన వీధి కుక్కల జీవితము వేరు; వాటికి ఈ సూత్రములు ఎంతవరకు వర్తించునో చూచియే చెప్పవలెను.

సానుభూతిలోను ఒక ప్రమాదము కలదు. చెప్పు కొరికినదని మా కుక్కను నేనొకనాడు గద్దించితిని. అది తల వంచినది. తప్పు ఒప్పుకొన్నదనుకొంటిని. కొరికినది పొరుగింటి కుక్కపిల్లయని సాయంకాలము తెలిసినది! అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో 14 కుక్కలపై జరిపిన పరీక్షను ప్రకటించినారు. ‘తప్పు చేసిన మొగము’ తప్పు చేయుటవలన కాక, యజమాని గద్దింపువలన కలుగుచున్నదని అందు తేలినది. మన మనసును కుక్కకు అంటగట్టుట సానుభూతి కాదు. అది చేయుచున్న దానిని ఓపికతో గమనించుటయే సానుభూతి. ఇది విజ్ఞాన పద్ధతియు నగును.

ఈ హెచ్చరికతో ఉపాధ్యాయులు దీనిని చదువదగును. కట్టివేసిన కుక్కను దూరమునుండి పది నిమిషములు చూచి, చెవులు, తోక, చూపు ఎట్లు మారినవో విద్యార్థులచే వ్రాయింపవచ్చును. ‘పొగరు’, ‘సిగ్గు’ అను మాటలు ఆ వ్రాతలో రాకూడదు. చూచినది మాత్రమే వ్రాయవలెను. కర్రను దించుటకు ఆ పది నిమిషములు చాలును.