దీపం కొండెక్కించే విద్య

మా చెల్లెలు వాళ్లది సారపాక. వాళ్లబ్బాయికి పదకొండేళ్లు. ఎండాకాలం సెలవుల్లో వాళ్లింటికి వెళ్లి చెప్పులు విప్పుతున్నానో లేదో, వాడు టాబ్ పట్టుకొచ్చి మీద పడ్డాడు. "మామా, నీకు గ్లోస్టోన్ తెలుసా?"

తెలియదన్నాను. వాడికి కావలసిందీ అదే. తెలిసిన మామకంటే తెలియని మామ వల్లే పిల్లలకు కాలక్షేపం ఎక్కువ.

ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. స్వీడన్ వాళ్లు చేసి 2011 నవంబరులో పూర్తి రూపంలో బయటికి తెచ్చారు. లోకమంతా దిమ్మెలే. మన్ను, రాయి, చెట్టు, నీళ్లు అన్నీ చదరంగా ఉంటాయి. తవ్వుకోవాలి, పేర్చుకోవాలి. రాత్రయితే చీకట్లో జాంబీలు పుట్టుకొస్తాయి. అక్కడ ఒక రోజంటే మన ఇరవై నిమిషాలు, కాబట్టి రాత్రి తొందరగానే వస్తుంది. మావాడు ఆ లోకంలో భద్రాచలం కరకట్ట కడుతున్నాడు. పక్కనే గోదావరి, దాని మీద వంతెన. కట్ట పొడుగునా వీధి దీపాలు పెట్టాలి. స్విచ్ వేస్తే అన్నీ ఒక్కసారి వెలగాలి, తీస్తే ఒక్కసారి ఆరాలి. ఆ కాంట్రాక్టు నాకిచ్చాడు.

దీపం చేయడానికి ముందు సరుకు కావాలి. రెడ్‌స్టోన్ అనే ఎర్రపొడి భూమి అడుగున దొరుకుతుంది. ఇనప గునపం లాంటి పనిముట్టో అంతకు మించినదో ఉండాలి, రాతి పనిముట్టుతో కొడితే ఖనిజం పగులుతుంది గాని పొడి రాలదు. రెండోది ఆ గ్లోస్టోన్. అది ఈ లోకంలో పుట్టదు. నల్లరాతి ద్వారబంధం కట్టి, దానికి నిప్పు ముట్టించి, నెదర్ అనే పాతాళానికి దిగాలి. అక్కడ కప్పుకి తేనెపట్టుల్లా వేలాడుతూ ఉంటుంది, పచ్చగా వెలుగుతూ. కింద నిప్పుల మడుగు. అందుకోబోయి నేను రెండుసార్లు అందులో పడ్డాను. పడినప్పుడల్లా చేతిలో ఉన్న సరుకంతా బూడిదే. పగలగొడితే రాయి పొడిగా రాలుతుంది, నాలుగు పొడులు కలిపితే మళ్లీ ఒక దిమ్మె.

ఇక తయారీ. తొమ్మిది గళ్ల బల్ల మీద నడిమి గడిలో గ్లోస్టోన్ దిమ్మె, దానికి నాలుగు దిక్కులా నాలుగు చిటికెల ఎర్రపొడి. మూలలు ఖాళీ. ముగ్గు నడుమ దీపం పెట్టి చుట్టూ నాలుగు కుంకుమ బొట్లు పెట్టినట్టుంటుంది. దీపం తయారైంది. తీసి కట్ట మీద పెట్టాను. గోధుమరంగు దిమ్మె. చీకటి.

"ఏందిరా ఇది? పాతాళం దాకా పోయి తెచ్చిన రాయి దానంతటది వెలుగుతుండె. ఇంత కష్టపడి దాన్ని చీకటి చేసినమా?"

"అదే కదా మామా. ఇప్పుడు ఆర్పొచ్చు."

వాడు మామూలుగా అన్నాడు. నాకే ఆ మాట మింగుడుపడటానికి రెండు రోజులు పట్టింది. లెక్క చూసుకోండి. ఆ ఆటలో వెలుగును 15 మెట్లుగా కొలుస్తారు. గ్లోస్టోన్ వెలుగు 15. ఇంత తతంగం చేసి, తీగ లాగి, మీట నొక్కి వెలిగించిన ఈ దీపం వెలుగూ 15. వెలుగులో వీసమెత్తు లాభం లేదు. ఆ నాలుగు చిటికెల పొడితో మనం కొనుక్కున్నది ఆర్పే హక్కు ఒక్కటే. 2012 మార్చిలో ఈ దీపాన్ని ఆటలోకి తెచ్చారు. అంతకు ముందే వెలిగే రాళ్లూ కాగడాలూ ఉన్నాయి. కొత్తగా వచ్చింది ఆరే దీపం.

మనకేమో ఆర్పడమనే మాటే నోట రాకూడదు. నా చిన్నప్పుడు దుమ్ముగూడెం దారిలోని మా ఊళ్లో "దీపం ఆర్పేయనా?" అని అడిగితే అమ్మ నెత్తిన ఒక్కటి వేసేది. దీపాన్ని ఘనం చేయాలి, కొండెక్కించాలి, అంతేగాని ఆర్పకూడదు. గూడేల్లో ఇప్పనూనె దీపాల కాలం గురించి నాన్న చెప్పేవాడు. నాకు తెలిసింది కిరోసిన్ బుడ్డి, కొంచెం కలిగిన రోజుల్లో లాంతరు. లాంతరు కొండెక్కించడం కూడా ఒక పనితనమే. ముందు వత్తి తగ్గించాలి. తర్వాత గ్లాసు పైన అరచెయ్యి అడ్డం పెట్టి, వేళ్ల సందులోంచి ఒక్క ఊపు ఊదాలి. గట్టిగా ఊదితే మసి, మెల్లగా ఊదితే మళ్లీ లేస్తుంది. తడి చెయ్యి గ్లాసుకు తగిలిందా, టప్పున పగిలేది. వెలిగించడం అగ్గిపుల్ల ఉన్న ఎవడైనా చేస్తాడు. కొండెక్కించే పని ఇంట్లో ఎప్పుడూ అమ్మదే.

మళ్లీ కట్ట దగ్గరికి వద్దాం. దీపాలు చేయడం అయింది, కరెంటు ఇవ్వాలి. ఎర్రపొడిని నేల మీద గీతలా పోసుకుంటూ పోతే అదే తీగ. మొదట్లో ఒక మీట. నేను మీట పెట్టి, పొడి పోసుకుంటూ పోయి, కట్ట చివరి దాకా దీపాలు పెట్టాను. మీట నొక్కాను. దగ్గరి దీపాలు వెలిగాయి, చివరిది వెలగలేదు. పొడి మళ్లీ పోశాను. మీట మార్చాను. మావాడు పక్కన కూర్చుని పుచ్చకాయ తింటూ నవ్వుతున్నాడు.

సంగతేమిటంటే ఆ పొడిలో శక్తి ఒక్కో గడికీ ఒక్కో మెట్టు తగ్గుతుంది. మీట దగ్గర 15, తర్వాత 14, 13... పదిహేనో గడిలో 1. పదహారో గడి పొడికి ప్రాణం లేదు. అక్కడికి చేరేలోపు రిపీటర్ అనే దిమ్మె పెట్టాలి. మూడు రాళ్లు, రెండు రెడ్‌స్టోన్ కాగడాలు, ఒక చిటికెడు పొడి కలిపితే అది తయారవుతుంది. వచ్చింది ఎంత నీరసంగా ఉన్నా అది మళ్లీ 15 చేసి ముందుకు పంపుతుంది.

లైను చివరి ఊళ్లో పుట్టినవాణ్ణి నేను. ఈ పదిహేను గడుల లెక్క నాకు ఒకరు చెప్పాలా? పాల్వంచ థర్మల్ కేంద్రం 1966లోనే మొదలైంది. ఇల్లెందు బొగ్గు, మణుగూరు బొగ్గు, కిన్నెరసాని నీళ్లు, అన్నీ మా అడివివే. కరెంటు పుట్టిల్లు మాదే. అయినా మా ఊరికొచ్చేసరికి సాయంత్రం బల్బు దొండపండులా ఎర్రగా, తీగ లెక్కపెట్టుకునేంత నీరసంగా వెలిగేది. ఆటలో ఆ అవస్థ లేదు. 15 అందినా 1 అందినా దీపం నిండుగానే వెలుగుతుంది, లేకపోతే అసలే వెలగదు. నీరసపు వెలుగు అనేదాన్ని ఆ ఆట రాసినవాళ్లు ఎరగరు. అదృష్టవంతులు.

మా ఇంటి వైరింగు పని చూసే మిత్రుడొకడు ఉన్నాడు. ముప్పై ఏళ్ల అనుభవం. వాడికి టాబ్ చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి, "న్యూట్రల్ ఏది సార్?" అన్నాడు. నిజమే. ఒక్క గీతే పోతోంది. పోయిన కరెంటు తిరిగి వచ్చే దారి లేదు. ఆట అంతే అన్నాను. వాడు ఒప్పుకోలేదు. కాసేపాగి, "పాతరోజుల్లో కొందరు ఫేజు ఒక్కటి లాక్కొని, రెండో కొసను గడ్డపారకు చుట్టి భూమిలో దిగ్గొట్టి లైటు వెలిగించేటోళ్లు. అట్లాంటి బాపతు ఇది," అని తేల్చాడు. ప్రాణాల మీదికి తెచ్చే పని అది. దాన్ని పిల్లలు ఆటలో నేర్చుకుంటున్నారేమోనని వాడి బెంగ. ఆ బెంగలో అర్థం ఉంది. పొడి చేత్తో పోసి దీపం వెలిగించిన పిల్లవాడికి గోడలో ఉన్న తీగ వేరే జాతిదని ఎవరో ఒకరు చెప్పాలి. నేను చెప్పాను. "తెలుసులే మామా," అన్నాడు. అయినా ఇంకోసారి చెప్పాను.

ఇక నా ఘనకార్యం. ప్రతి సాయంత్రం మీట దగ్గరికి పోవడం ఎందుకని, పగటి వెలుగును పసిగట్టే పలకను తెచ్చి పెట్టాను. మూడు అద్దాలు, మూడు క్వార్ట్‌జ్ రాళ్లు, మూడు చెక్క పలకలు కలిపితే అది వస్తుంది. లైనుకు కలిపి, ఇక చూడరా అన్నాను. సూర్యుడు పైకొచ్చాడు. కరకట్ట మీద దీపాలన్నీ భళ్లున వెలిగాయి. సూర్యుడు గోదాట్లో దిగాడు. దీపాలన్నీ ఆరిపోయాయి. చీకట్లో, నేను కట్టిన కట్ట మీదే, జాంబీలు తిరుగుతున్నాయి.

"మామా, పంచాయతోళ్ల లెక్క పెట్టినవ్!" అని వాడు పడీపడీ నవ్వాడు.

ఆ పలక వెలుగు పడితే కరెంటు ఇస్తుంది, చీకటి పడితే ఆపేస్తుంది. దాన్ని ఒకసారి తాకితే తిరగబడి రాత్రి పనిచేస్తుంది. ఆ తాకడం నాకు తెలియలేదు. తాకాను, సరిపోయింది. కాని వాడి మాట మాత్రం వదల్లేదు. ఎందుకంటే మా వీధిలో స్తంభం దీపం రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటుంది. మా ఒక్క వీధే కాదు, మిట్టమధ్యాహ్నం ఏ ఊరి మీదుగా బస్సులో పోయినా ఒకటో రెండో కనిపిస్తాయి.

దానికి కారణం ఎవరి బద్ధకమో అనుకునేవాణ్ణి. వైరింగు మిత్రుడు విడమరిచి చెప్పాడు. ఇళ్లకు పోయే ఫేజుకే వీధి దీపాన్నీ కలిపేస్తే, ఇళ్లలో కరెంటున్నంతసేపూ దీపం వెలుగుతుంది. ఆర్పాలంటే ఇళ్ల కరెంటూ పోవాలి. వీధి దీపాలకు మాత్రమే విడిగా ఇంకో తీగ లాగి, దానికో మీటరు, ఒక స్విచ్ పెడితే అప్పుడు ఆర్పొచ్చు. దాన్నే థర్డ్ వైరు అంటారు. 2019లో తెలంగాణ పల్లెల్లో ముప్పై రోజుల ప్రణాళిక పెట్టి, అందులో పవర్ వీక్ అని జరిపినప్పుడు వంగిన స్తంభాలతో పాటు ఈ థర్డ్ వైర్ల పని కూడా జరిగింది. చాలా ఊళ్లకు వచ్చింది, కొన్ని వీధులకు రాలేదు. నా చిన్నప్పుడు మా ఊళ్లో ఒక తాత ఉండేవాడు. స్తంభానికి వేలాడే రెండు తీగ ముక్కలను సాయంత్రం కలిపి పొద్దున్నే విడదీసేవాడు. చేతిలో ఎండు వెదురు కర్ర, కాళ్లకు టైరు చెప్పులు. మా ఊరి స్విచ్ ఆ తాతే.

నాలుగు చిటికెల ఎర్రపొడీ, ఆ థర్డ్ వైరూ ఒకటేనని నాకప్పుడు తట్టింది. రెండూ వెలుగును పెంచవు.

ఆట చెప్పనిది ఒకటుంది. అక్కడ మీటరు లేదు. రెడ్‌స్టోన్ కాగడా ఒకసారి గుచ్చితే యుగాంతం దాకా కరెంటు ఇస్తూనే ఉంటుంది, బొగ్గు అడగదు. ఇక్కడ అడుగుతుంది. 20 వాట్ల ఎల్ఈడీ పగటి పూట 12 గంటలు ఊరికే వెలిగితే ఏడాదికి 87 యూనిట్ల పైమాట. యూనిట్‌కు దగ్గర దగ్గర ముప్పావు కిలో బొగ్గు అనుకున్నా, ఒక్క దీపానికి అరవై కిలోలు దాటుతుంది. ఎండలో ఎవరికీ కనిపించని వెలుగు కోసం సింగరేణి కార్మికుడు తవ్విన అరవై కిలోలు. ఈ లెక్క కాగితం మీద వేసి మావాడికి చూపించాను. 2024 ఆగస్టులో పాల్వంచ పాత ప్లాంటు కూలింగ్ టవర్లను కూల్చిన వీడియో వాడు వందసార్లు చూశాడు. ఆ టవర్ల కింద ఏం మండేదో, ఎందుకు మండేదో అప్పుడు మొదటిసారి అడిగాడు. బొగ్గుతో మరగబెట్టిన ఆవిరి టర్బైను తిప్పాక నీళ్లుగా మారుతుందని, ఆ పనికి వాడి వేడెక్కిన నీళ్లను టవర్లు చల్లారుస్తాయని, అక్కడ మండేది ఏమీ లేదని చెప్పాను. ఆ పూట టాబ్ పక్కన పెట్టాడు. ఆ పూటకే.

ఆర్పడం గురించి ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు వచ్చినప్పుడు నాకు పదేళ్లు. ఎత్తు మీదున్న ఒక బడిలో ఒక్క పెట్రోమాక్స్ లైటు చుట్టూ మా ఊరంతా కూర్చుంది. చీకటి మాకు భయం, దీపం దేవుడు. మళ్లీ 2022 జులైలో నది 71.3 అడుగులు చేరింది. నీళ్లు కాలనీల్లోకి ఎక్కుతుంటే అటువైపు కరెంటు తీసేశారు. మేడ మీద నిలబడి చూస్తుంటే వెలుగు ఒక్కో వీధే వెనక్కి తగ్గింది. అందరం తిట్టుకున్నాం, నేనూ తిట్టాను. వైరింగు మిత్రుడు మాత్రం, "తియ్యకపోతే నీళ్లల్ల కాలు పెట్టినోడు పెట్టినట్టే పోతడు సార్," అన్నాడు. నీళ్లలో మునిగిన స్విచ్ బోర్డుకు, తడిసిన గోడకు, ఇంట్లో సామాను తెచ్చుకోవడానికి దిగే మనిషికి మధ్య ఆ రాత్రి అడ్డం ఉన్నది ఎవరో ఎక్కడో తీసిన ఒక స్విచ్. ఆ తీసినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. వెలిగించినవాడికే ప్రారంభోత్సవ ఫలకం.

సెలవులైపోయాయి. మావాడి కరకట్ట పూర్తయింది. కట్ట మీద నలభై దీపాలు, మూడు రిపీటర్లు, ఒక పలక. పొద్దు గుంకగానే వెలుగుతాయి, తెల్లారగానే ఆరుతాయి. వాడు పలక పక్కన ఒక మీట కూడా పెట్టాడు. ఎందుకురా అంటే, "వరదొస్తే తియ్యడానికి," అన్నాడు. ఆ ఆటలో వరదలు రావని వాడికీ తెలుసు.

మా వీధి స్తంభం నంబరు రాసుకుని గ్రామసభలో అర్జీ ఇచ్చాను. మీ వీధిలో పగలు వెలిగే దీపముంటే మీరూ ఇవ్వండి, స్తంభం నంబరు మరిచిపోకండి. ఈ కాలమ్ రాస్తున్న ఇప్పుడు మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. కిటికీలోంచి కనిపిస్తోంది, వెలుగుతూనే ఉంది.