నులక మంచం పనితనం

రెంటచింతల ఎండల సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. ఆ ఎండల్లో పల్నాటి పల్లెకు హాయినిచ్చింది నులక మంచమే. అడుగు నుంచి గాలి ఆడుతుంది. వేపచెట్టు నీడ జరిగితే మంచాన్నీ జరుపుకోవచ్చు.

నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, అంతే చెక్కపని. పట్టె కొసను ఉలితో సన్నగా చెక్కి కోడు బెజ్జంలో దిగ్గొడతారు. మేకు అక్కర్లేదు. నులక బిగించేకొద్దీ పట్టెలు లోపలికి లాగుతాయి, అతుకులు వదలవు. నాకు అన్నిటికన్నా నచ్చేది కాళ్ళ దిక్కు. అక్కడ అల్లిక ఆపి, కొంచెం జాగా వదిలి, విడిగా తాడు కడతారు. వాడగా వాడగా నులక సాగి కుక్కి మంచం అయిందనుకోండి, ఆ తాడు లాగి కడితే సరి. మరమ్మతును కూడా ముందే ఆలోచించి పెట్టిన వస్తువులు మనింట్లో ఎన్నున్నాయి?

దీని పక్కన పెట్టి చూడటానికి మరో తరహా చెక్కపని చెబుతాను. న్యూయార్క్‌లో డంకన్ ఫైఫ్ (1768–1854) అనే వడ్రంగి పేరు మోశాడు. గ్రీకు, రోమన్ తీరులో మహాగని చెక్కతో ఆయన కార్ఖానాలో చేసిన సామాను ఇప్పుడు మ్యూజియంలలో ఉంది. ఆ కాలపు కౌచ్‌ల మెత్తల్లో గుర్రపు వెంట్రుకలు కూరేవారు. చెక్కడం అద్భుతమే, కాదనను. కానీ మే నెలలో మాచర్లలో అలాంటి కౌచ్ మీద పడుకోమంటే మాత్రం నావల్ల కాదు.

ఇప్పుడు గోగునార, జనపనార పేనేవాళ్ళు తగ్గారు, నైలాన్ తాడు వచ్చింది. అది చెమట పీల్చదు, వీపుకు గుచ్చుకుంటుంది. నార నులక దొరికితే వదలకండి, అల్లేవాళ్ళ కూలి దగ్గర బేరమాడకండి.