భారతి ఇల్లు, తెలుగు రచయిత ఫైలు

1908లో బ్రిటిష్ ప్రభుత్వపు అరెస్టును తప్పించుకుని నాటి ఫ్రెంచి పట్టణమైన పుదుచ్చేరికి చేరి, 1918 వరకు ఇక్కడే గడిపిన తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి ఇల్లు ఈశ్వరన్ ధర్మరాజ కోయిల్ వీధిలో స్మారకంగా నిలిచి ఉండగా, ఆయన రచనలను ఎవరైనా, ఎవరి అనుమతీ కోరకుండా, అచ్చు వేయడానికీ వెబ్‌లో ఉంచడానికీ వీలుంది. యానాం కారణంగా తెలుగు కూడా ఈ కేంద్రపాలిత ప్రాంతపు భాషే అయినప్పటికీ, పట్టణంలోని తెలుగు పాఠకుడు కోరిన పుస్తకం కోసం ఊరు దాటవలసి రావడం, ఈ-పుస్తకంగా వెదికినా అది దొరకకపోవడం ఈ వారం ఈ శీర్షికను మళ్లీ దాని పాత పట్టుదల వైపు మళ్లించాయి: తెలుగు రచయితలనూ ప్రచురణకర్తలనూ డిజిటల్ ప్రచురణకు ఒప్పించాలి.

భారతి రచనలకు ఆ స్వేచ్ఛ దానంతటది రాలేదు. 1921లో ఆయన మరణించాక ప్రచురణ హక్కులు సవతి తమ్ముడు విశ్వనాథన్ చేతికీ, పాటలను రికార్డు చేసే హక్కులు సినీ నిర్మాత ఎ.వి. మెయ్యప్పన్ చేతికీ చేరగా, కవి అందరివాడన్న ఉద్యమం బలపడి, 1949లో మద్రాసు ప్రభుత్వం వాటిని స్వీకరించింది. మెయ్యప్పన్ ప్రతిఫలం తీసుకోకుండా తన హక్కును వదులుకోగా, కుటుంబానికి ప్రభుత్వం సొమ్ము చెల్లించింది. రచయిత కాపీహక్కును ప్రభుత్వం కొని ప్రజలపరం చేసే ఈ పద్ధతిని తమిళంలో 'నాట్టుడైమై', అనగా దేశపు సొత్తు, అంటారు. పుదుచ్చేరిలోనే పుట్టిన కవి భారతిదాసన్ రచనలు సైతం తరువాత అదే దారిన పాఠకులకు చేరాయి. 1998లో ఆరంభమైన 'ప్రాజెక్టు మదురై' స్వచ్ఛంద కార్యకర్తలు తమిళ గ్రంథాలను టైపు చేసి ఉచితంగా అందించే పనికి ఇటువంటి నిర్ణయాలు ఎంతో తోడ్పడ్డాయి.

మరణానంతరం 60 సంవత్సరాల పాటు కాపీహక్కు కొనసాగే మన చట్టం ప్రకారం, 1915లో మరణించిన గురజాడ రచనలు ఎప్పుడో అందరివీ కాగా, 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలపై కాపీహక్కు 2043 చివరి వరకు కొనసాగుతుంది. కనుక రెండు తెలుగు ప్రభుత్వాలూ తమిళనాడును అనుసరిస్తే చాలునని అనిపించడం సహజం.

అయితే భారతి విషయంలో హక్కులు ప్రజలకు చేరినది కవి మరణించిన చాలా ఏళ్లకు, అదీ కుటుంబానికి సొమ్ము చెల్లించిన మీదట. సొంత ఖర్చుతో అచ్చు వేయించుకుని, కట్టలు కట్టలుగా ప్రతులను ఇంట్లో దాచుకున్న సజీవ తెలుగు రచయితను తన హక్కును ఉచితంగా వదులుకోమనడం అన్యాయం. పీడీఎఫ్ చేతులు మారితే అచ్చు ప్రతి అమ్ముడుపోదన్న ప్రచురణకర్త భయాన్ని లోభమని గతంలో ఈ శీర్షిక అన్నది పొరపాటు. ఈ పట్టణంలోని శ్రీ అరవిందాశ్రమం అరవిందుల సమగ్ర రచనలను పీడీఎఫ్‌లుగా ఉచితంగా ఇస్తూనే అచ్చు ప్రతులనూ అమ్ముతున్నదన్నది నిజమే గాని, ఒక సంస్థకు ఉన్న ఆధారం ఒంటరి రచయితకు ఉండదు. అమ్మకంలో ఉన్న పుస్తకానికి ధర పెట్టి ఈ-పుస్తకం అడగాలి. ఉచితంగా అడగదగినది మళ్లీ అచ్చుకు నోచుకోని పుస్తకాన్నే.

అసలు నష్టం ఇంకొక చోట ఉంది. తెలుగు పుస్తకాలలో చాలా భాగం ఏళ్ల తరబడి అను వంటి ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చబడ్డాయి. అవి యూనికోడ్‌లో, అనగా ప్రపంచ భాషల అక్షరాలన్నింటికీ ఒకే సంకేత వ్యవస్థలో లేనందున, ఫాంటు మారితే అక్షరాలు అర్థం లేని గుర్తులుగా కనిపిస్తాయి. డీటీపీ చేసినవారి కంప్యూటరు పాడైన నాడు పుస్తకపు ఫైలు కూడా పోతుంది. మరోవైపు, 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ప్రకారం, ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమానికి, దానిని ఒప్పందంలో పేర్కొంటే తప్ప, హక్కుల బదిలీ వర్తించదు; అంటే, పాత ఒప్పందమైతే ఈ-పుస్తకపు హక్కు రచయిత దగ్గరే ఉండిపోయి ఉండవచ్చు.

కనుక రచయితలు పాత ఒప్పందాల కాగితాలను తీసి చదవాలి; డీటీపీ ఫైలును తెచ్చుకుని, యూనికోడ్‌లోకి మార్పించి, అక్షరదోషాలు సరిచూసి భద్రపరచాలి; తమ తరువాత ఆ హక్కు ఎవరిదో ఒక కాగితం మీద రాసి, సంతకం చేసి, ఇంట్లోవారికి చెప్పాలి.