చోక్ పోయింది, ఖర్చు మిగిలింది

జనవరిలో మిషిగన్‌లోని మా వీధి చూడాలి. ఇళ్ల ముందు కార్లు మనిషి లేకుండానే స్టార్టయి, వెనక తెల్లగా ఆవిరి వదులుతుంటాయి. ఓనర్లు లోపల కాఫీ తాగుతుంటారు. పావుగంటయ్యాక గానీ బయటికి రారు. అడిగితే "ఇంజను వేడెక్కొద్దూ?" అంటారు. నిలబెట్టిన బండి ఇచ్చే మైలేజీ సున్నా అని చెప్పి చెప్పి నేనే మానుకున్నాను.

ఇది కార్బురేటర్ కాలపు ఆచారం. చలికి పెట్రోలు సరిగ్గా ఆవిరవదు, ఆవిరి కానిది మండదు. అందుకే పాత మారుతి 800లో చోక్ లాగి గాలి తగ్గించి, పెట్రోలు పాలు పెంచేవాళ్లం. ఎప్పుడు వెనక్కి నెట్టాలో చెవీ ముక్కూ చెప్పేవి: ఇంజను బరువుగా గునిసినా, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన కొట్టినా ఇక చాలని అర్థం. మర్చిపోయామా, ప్లగ్గులు నల్లబడేవి. మెకానిక్ వాటిని విప్పి, ఉప్పుకాగితంతో రుద్దుతూ మనవైపు ఒక చూపు చూసేవాడు.

ఇప్పుడా పని కంప్యూటర్ చేస్తోంది. సెన్సర్ చలి అనగానే తనే పెట్రోలు ఎక్కువ పోస్తుంది. చేత్తో లాగినప్పుడు ఎంత తగలేస్తున్నామో తెలిసేది. ఇప్పుడు కనబడదు గనక అనుమానమంతా బంకు మీదికి పోతుంది.

అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం ఊళ్లో తిరిగే పెట్రోలు కారు మైలేజీ 25 డిగ్రీలప్పటి కంటే మైనస్ 7 దగ్గర సుమారు 15 శాతం తగ్గుతుంది. ఐదారు కిలోమీటర్ల ప్రయాణమైతే 24 శాతం దాకా పోవచ్చు. నా మట్టుకు అసలు దొంగ ఈ చిన్న ప్రయాణమే. పెనం కాలేలోపే పొయ్యి కట్టేసి, గంటాగి మళ్లీ వెలిగిస్తే గ్యాసు ఏమవుతుంది? పాలకోసారి, పిల్లల కోసం ఇంకోసారి అని తీస్తే ఇంజనుదీ అదే గతి. రాత్రంతా బయట ఉన్న బండి డిప్‌స్టిక్ లాగి చూడండి, ఆయిల్ చుక్క కిందపడటానికి కూడా బద్ధకిస్తుంది. ఆ చిక్కదనాన్ని తోసుకుంటూనే ఇంజను తిరగాలి. నిలబెట్టి ఉంచేకంటే నెమ్మదిగా నడిపితేనే అది త్వరగా వేడెక్కుతుంది. ఇప్పటి కార్లకు అర నిమిషం ఆగితే చాలు.

హైవే మీద బాధ వేరు. మైనస్ 7లో గాలి, 25 డిగ్రీల గాలి కంటే సుమారు 12 శాతం చిక్కన. దాన్ని చీల్చుకు పోవాలి. పైగా ఇక్కడ చలికాలం అమ్మే పెట్రోలు సులువుగా ఆవిరయ్యే రకం, అందులో శక్తి కాస్త తక్కువ. హీటర్‌ని మాత్రం తిట్టకండి. పెట్రోలు కారులో అది ఇంజను ఎటూ పారేసే వేడినే వాడుకుంటుంది. ఎలక్ట్రిక్ కారుకు ఆ వెసులుబాటు లేదు, వెచ్చదనానికి కావలసిన కరెంటు బ్యాటరీ నుంచే రావాలి.

మొన్న ఆదిలాబాద్ నుంచి మా బావమరిది ఫోన్. "మైలేజ్ వస్తలేదు బావా, బంకోడు కల్తీ కొడుతున్నట్టుంది." అక్కడి చలి ఇక్కడి చలి ముందు ఏపాటి! అయినా ఐదారు డిగ్రీలు తగ్గితే టైరులో సుమారు 1 పీఎస్‌ఐ పడిపోతుంది. టైరు మెత్తబడితే బండి బరువుగా లాగుతుంది. గాలి ఎప్పుడు చూపించావని అడిగాను.

"ఎండకాలం పెళ్లికి పోయినప్పుడు ఫుల్లు కొట్టించిన గద బావా."