అటక మీద ఆరిన ద్రాక్ష

సెప్టెంబరులో ఇటలీలోని వెరోనా నగరానికి ఉత్తరాన ఉన్న కొండ ఊళ్లలో ద్రాక్ష కోతలు మొదలవుతాయి. కోసిన పంటలో కొంత వెంటనే చిదిమి పులియబెడతారు. మిగతా దాంట్లోంచి మంచి గుత్తులు ఏరి అటకల మీదికి చేరుస్తారు. ఊరంతా చలికి ముడుచుకునే జనవరి దాకా అవి అక్కడే నీడన, గాలికి ఆరుతూ ఉంటాయి. ఈ సీమ పేరు వాల్పోలిచెల్లా. ఈ ఆరబెట్టే పద్ధతిని అక్కడ అప్పస్సిమెంతో అంటారు.

ఇది నిన్నమొన్నటిది కాదు. 6వ శతాబ్దంలో ఆస్ట్రోగోతు రాజుల కొలువులో మంత్రిగా ఉన్న కాస్సియొదొరుస్ రాజుగారి భోజనానికి వెరోనా వైన్ సేకరించమని ఒక ఉత్తరం రాశాడు. పండ్లను ఆరనిచ్చి చలికాలంలో వైన్ తీసే పద్ధతిని అందులోనే వర్ణించాడు.

కొండ, పందిరి

పడమట గార్దా సరస్సు, ఉత్తరాన లెస్సీనియా కొండలు. సరస్సు చలి తీవ్రతను తగ్గిస్తే, కొండలు ఉత్తరపు గాలులకు అడ్డు నిలుస్తాయి. నెగ్రార్, మరానో, ఫుమానె, సాంత్ అంబ్రోజో, సాన్ పియెత్రో ఇన్ కరియానో అనే అయిదు ఊళ్ల పరిధిని 'క్లాస్సికో' అంటారు. అసలు పాత వాల్పోలిచెల్లా అదే. 1968లో చట్టబద్ధమైన హద్దులు గీసినప్పుడు తూర్పు లోయలు కూడా వచ్చి కలిశాయి.

వాలుల్లో ఎక్కువ భాగం సున్నపునేల. ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న పొరలవి. మరానో, ఫుమానె లోయల్లో మధ్యమధ్య అగ్నిపర్వత శిల కనిపిస్తుంది. లోయ అడుగున మాత్రం ఒండ్రు. ఈ తేడా ఇక్కడ చాలా ముఖ్యం. ఒండ్రునేలలో తీగ విరగకాస్తుంది, కాని పండు నీరు పట్టి ఉబ్బుతుంది. అలాంటి పండును అటక ఎక్కిస్తే ఆరడానికి బదులు కుళ్లుతుంది. నీళ్లు నిలవని వాలు మీద కాపు తక్కువే అయినా గింజ చిన్నదిగా, తొక్క గట్టిగా వస్తుంది. పొలం నుంచి ఏరిన రాళ్లనే సున్నం, మట్టి లేకుండా పేర్చి గోడలు కట్టి, వాలును మెట్లుగా మలిచారు. ఇటలీతో సహా ఎనిమిది ఐరోపా దేశాల్లోని ఈ పొడిరాతి గోడల విద్యను 2018లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక్కడ పెద్ద పీట కొర్వీనా అనే నల్ల ద్రాక్షది. దాని వైన్‌లో చెర్రీ పండు వాసన ఉంటుంది. తొక్క దళసరి కాబట్టి ఆరబెట్టడానికి అనువు. దీనికో పేచీ ఉంది. కొమ్మ మొదట్లోని మొగ్గలు కాయవు, గుత్తులు దూరంగానే వేస్తాయి. అందుకే కొమ్మను పొడుగ్గా వదిలి పందిరి మీద పాకించడం ఇక్కడి పాత అలవాటు. గుత్తులు ఆకుల నీడన వేలాడుతూ పండుతాయి. వైన్‌లో కొర్వీనా 45 నుంచి 95 శాతం దాకా ఉండాలన్నది నియమం. కొర్వీనా బదులు అందులో కొంత కొర్వినోనె వాడుకోవచ్చు. చాలాకాలం కొర్వీనాలోనే ఒక రకమనుకున్న ఈ పెద్దగింజ ద్రాక్ష వేరే జాతి అని తర్వాత తేలింది. తోడుగా 5 నుంచి 30 శాతం రొందినెల్లా కలుస్తుంది. తెగుళ్లకు తొందరగా లొంగదు, ఇబ్బంది పెట్టకుండా ఆరుతుంది.

గాలి చేసే పని

ఆరబెట్టడానికి ఏ గుత్తి పడితే అది పనికిరాదు. కోసేవాళ్లు గుత్తిని చేతిలో తిప్పి చూస్తారు. గింజలు ఒత్తుగా ఉంటే మధ్యలోకి గాలి ఆడదు కాబట్టి పక్కన పెడతారు. ఒక్క గింజ చిట్లినా గిల్లి పారేస్తారు, ఆ ఒక్కదాన్నుంచి బూజు గుత్తంతా పాకుతుంది. ఏరినవాటిని లోతులేని ట్రేలలో ఒక్క వరసగా పరుస్తారు. పూర్వం ఆరెలె అనే రెల్లు తడికల మీద పరిచేవారు. ఎండాకాలంలో పట్టుపురుగుల్ని పెంచిన తడికలే శీతాకాలంలో ద్రాక్షకు పనికొచ్చేవి.

మూడు, నాలుగు నెలలు ఇలా సాగుతుంది. పొగమంచు దిగితే కిటికీలు మూస్తారు, పొడిగాలి వీస్తే తెరుస్తారు. ఇప్పుడు పెద్ద గిడ్డంగుల్లో ఫ్యాన్లు, తేమ కొలిచే యంత్రాలు ఆ కాపలా కాస్తున్నాయి. పండు బరువులో మూడో వంతు, ఒక్కోసారి అంతకు మించి పోతుంది. అలాగని ఇది కిస్మిస్ చేయడం కాదు. తీగ నుంచి తెగినా గింజలోని కణాలు కొన్నాళ్లు బతికే ఉంటాయి. నీరు తగ్గేకొద్దీ ఆ ఒత్తిడికి వాటిలో కొత్త రసాయనాలు పుడతాయి. కాయలోని పుల్లని మాలిక్ ఆమ్లం తగ్గుతుంది, తియ్యదనం చిక్కబడుతుంది, తొక్కలో రెస్వెరాట్రాల్ వంటివి పెరుగుతాయి. తాజా పండులో లేని ఎండు అంజీరు, చాక్లెట్ వాసనలు ఆ తర్వాతి వైన్‌లో వస్తాయి.

అమరోనె అనే వైన్ కోసం ఆరిన పండును డిసెంబరు 1 లోపు పులియబెట్టకూడదన్నది సాధారణ నియమం. అప్పటికి చలి ముదురుతుంది. అటు చక్కెర ఎక్కువ, ఇటు వేడి తక్కువ కావడంతో ఈస్ట్ మెల్లగా పనిచేస్తుంది. నెల రోజులు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. చక్కెర మిగిలి ఉండగానే పులియడం ఆగితే తియ్యని రెచోతో. ఈ సీమ పాత గర్వకారణం అదే. పులియడం చివరిదాకా సాగితే తీపి లేని, 14 శాతానికి తగ్గని ఆల్కహాల్ ఉన్న అమరోనె. 1936లో ఒక సహకార సంఘం నేలమాళిగలో మరచిపోయిన రెచోతో పీపా ఇలా మారిందని, అమరోనె కథ అక్కడే మొదలైందని ఊళ్లో చెప్పుకుంటారు.

అమరోనె తీశాక పీపా అడుగున మిగిలిన పిప్పినీ పారేయరు. అందులో ఇంకా చక్కెర, రంగు, ఈస్ట్ ఉంటాయి. శరదృతువులో తీసి ఉంచిన మామూలు వాల్పోలిచెల్లా వైన్‌ను దాని మీద పోస్తే కొన్ని రోజులు మళ్లీ పులిసి బలం పుంజుకుంటుంది. అదే రిపాస్సో. 1964 పంటతో తీసిన కాంపోఫియొరిన్ అనే వైన్‌తో మాసి సంస్థ ఈ పాత పద్ధతికి మార్కెట్లో చోటు తెచ్చింది.

లెక్క తప్పితే

అంటే ఒకే తోట నుంచి నాలుగు వైన్‌లు: ఆరబెట్టకుండా తీసిన తేలికపాటి వాల్పోలిచెల్లా, రిపాస్సో, అమరోనె, రెచోతో. ఒకటి లేకపోతే ఇంకొకటి లేదు. అమరోనె తియ్యందే పిప్పి రాదు. తాజా వైన్ లేకపోతే ఆ పిప్పి మీద పోయడానికేమీ ఉండదు. ఈ సమతూకాన్ని కాపాడటానికే ఇన్ని నిబంధనలు. హెక్టారుకు 12 టన్నులకు మించి పండించకూడదు, అందులో 65 శాతానికి మించి ఆరబెట్టకూడదు. రిపాస్సో పరిమాణం అమరోనెకు రెట్టింపు దాటకూడదు. వంద కిలోల తాజా ద్రాక్షలో మామూలు వైన్ 70 లీటర్ల దాకా వస్తే అమరోనె 40 లీటర్లు దాటదు. ధరలో తేడా ఎందుకో ఇక్కడే తెలుస్తుంది.

అదే ధర చిక్కు తెచ్చింది. 1990ల తర్వాత అమరోనెకు గిరాకీ పెరిగేకొద్దీ తోటలు వాలు దిగి ఒండ్రునేలలోకి వచ్చాయి. 2010లో ఇటలీ ఇచ్చే అత్యున్నత గుర్తింపు దక్కాక ఆశ ఇంకా పెరిగింది. సరుకు గుట్టలు పడకుండా ఆరబెట్టే వాటాను ఉత్పత్తిదారుల సంఘమే కొన్నేళ్లు తగ్గించాల్సి వచ్చింది. పైగా ఎండలు ముదిరి పండు తీగ మీదే తియ్యబడుతోంది. దాన్ని మళ్లీ ఆరబెడితే ఆల్కహాల్ 16, 17 శాతానికి పోయి, భోజనంలో రెండో గ్లాసుకు చెయ్యి వెళ్లదు.

అందుకని ఇక్కడి ఉత్పత్తిదారు పనితనం చూడాలంటే అందరూ అడిగే అమరోనెతో మొదలుపెట్టకూడదు. ముందు అతని సాదా వాల్పోలిచెల్లా అడగాలి. అది పలుచగా, నీరసంగా ఉంటే మంచి పండంతా అటక ఎక్కిందని, మిగులునే సీసాల్లో నింపారని అర్థం. అది పుల్లపుల్లగా, చెర్రీ వాసనతో హుషారుగా ఉంటే ఆరబెట్టడానికి పనికొచ్చే గుత్తుల్ని కూడా ఆరబెట్టకుండా ఉంచగలిగాడన్నమాట. అలాంటివాడి అమరోనెకు పెట్టిన డబ్బు వృథా పోదు.