తత్త్వానికి ప్రయోజనమేమి?

చెన్నైలోని చింతాద్రిపేట పేరులోనే మగ్గం ఉన్నదంటారు. తమిళంలో ‘తఱి’ అంటే మగ్గం. 1734లో, మోర్టన్ పిట్ గవర్నరుగా ఉన్న కాలంలో, ఈస్టిండియా కంపెనీ కూవం నది వంపులోని ఈ చోట నూలు వడికేవారికీ నేతవారికీ నివాసాలు ఏర్పరచింది. ఆదికేశవ పెరుమాళ్, ఆదిపురీశ్వర ఆలయాలు రెండూ ఈ పేటలోనే వెలిశాయి. దేవుడి సంగతి సరే, మగ్గం ముందు కూర్చున్నవానికి తత్త్వచింతనతో పనేమిటి? మన పాఠ్యగ్రంథాలు సాధారణంగా ఒకే సమాధానం చెబుతాయి: భారతీయ దర్శనాల పరమప్రయోజనం మోక్షం. ఇది అసత్యం కాదు గాని అసంపూర్ణమని మా అభిప్రాయం.

కౌటిల్యుడు ఆన్వీక్షికిలో సాంఖ్యయోగాలతో పాటు లోకాయతాన్నీ చేర్చాడు. ఆపదలోనూ అభ్యుదయంలోనూ బుద్ధిని నిలకడగా ఉంచడం, ఆలోచనకూ మాటకూ పనికీ నేర్పునివ్వడం ఆ విద్య వల్ల కలిగే మేలని చెప్పాడు. న్యాయసూత్రాలలో మొదటిది పదహారు పదార్థాల తత్త్వజ్ఞానం వల్ల నిఃశ్రేయసం కలుగుతుందంటుంది. ఆ పదహారింటిలో సంశయమూ ఉంది, ప్రయోజనమూ ఉంది. సందేహించడం కూడా తత్త్వజ్ఞానానికి మెట్టేనన్న మాట.

తెలుగులో ‘తత్త్వం’ శాస్త్రానికీ, స్వభావానికీ, పనిపాటలవారు తంబురా మీటుతూ పాడుకున్న పాటకూ పేరయింది. అనుభవం గుణపాఠం నేర్పితే ‘తత్త్వం బోధపడింది’ అంటాము. అయినా ఆ పాటలను సాహిత్య విమర్శ తరచు భక్తిలో కలిపివేసింది. తత్త్వశాస్త్ర బోధన జానపదమని పక్కన పెట్టింది.

ఒక్క పోలికను పరిశీలిద్దాము. భగవద్గీత అయిదవ అధ్యాయంలో దేహం తొమ్మిది ద్వారాల పురం. అందులో దేహి ఏమీ చేయక, చేయించక, సుఖంగా ఉంటాడు. తెలుగు తత్త్వాలలో అదే దేహం తొమ్మిది తూట్ల తోలుతిత్తి. పురం ఏలికకు తెలిసిన వస్తువు. తిత్తి శ్రమజీవి చేతిలోనిది. అక్కడ దృష్టి లోపల ఉన్నవాని నిర్లిప్తత మీద. ఇక్కడ తిత్తి చిల్లుల మీద. తిత్తిని చూసుకొని కులమనీ అందమనీ గర్వించడమేమిటన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది. పోలిక మారగానే ప్రశ్నా మారింది.

ప్రతి తత్త్వమూ ఇంత పని చేయదు. ఇడా పింగళా సుషుమ్నలను వల్లించి ఊరుకునేవీ ఉన్నాయి. వాటిని పాతవన్న గౌరవంతో మెచ్చుకోనక్కరలేదు. ఏ సంశయాన్ని లేపింది, నడవడిలో ఏ మార్పు కోరింది అన్నవే కొలతలు కావాలి. ఈ కొలతలు సూత్రగ్రంథానికీ పాటకూ సమానంగా వర్తిస్తాయి. మగ్గం ముందు కూర్చున్నవాని ప్రశ్నకు విమర్శలో చోటు దొరికేది అప్పుడే.